‘బ్లీచ్’ ఎల్పీలు సేకరించడం ఎలా: తెల్ల రికార్డుకు బేరమాడే ముందు చూసుకోవలసినవి

నిర్వాణా అనే అమెరికన్ రాక్ బృందం తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989 జూన్‌లో అమెరికాలోని సియాటిల్ నగరం నుంచి, సబ్ పాప్ అనే చిన్న రికార్డింగు సంస్థ ద్వారా, ఎస్పీ 34 అన్న నంబరుతో ఎల్పీగా వెలువడింది. మొదటి వెయ్యి ప్రతులను తెల్లని వినైల్ (రికార్డులు చేసే ప్లాస్టిక్) మీద అచ్చు వేశారు. ఆ వెయ్యి ప్రతుల చుట్టూ అల్లుకున్న వ్యాపారం కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారిని బాగా తికమక పెడుతుంది. తెల్లగా ఉన్న ప్రతి ‘బ్లీచ్’ రికార్డూ 1989 నాటిది కాదు. 1989 నాటి ప్రతి రికార్డూ తెల్లగా ఉండదు. అందువల్ల ఈ ఆల్బమ్ అచ్చులను సేకరించదలచినవారు ముందుగా పాటల గాడులు ముగిసినచోట చెక్కిన అక్షరాలను, కవరును, అమ్మేవారు చూపించే ఆధారాలను చదవడం నేర్చుకుని, రంగును ఆ తరువాతే లెక్కలోకి తీసుకోవాలి. ఆ పనులను ఏ క్రమంలో చేస్తే డబ్బు, శ్రమ వృథా కావో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఏ అచ్చు కావాలో తేల్చుకోండి

ఒకే ఆల్బమ్‌కు ఇన్ని అచ్చులు ఉన్నప్పుడు, ఏది దేనికి కొంటున్నారో రాసిపెట్టుకోకుండా దుకాణంలో అడుగుపెట్టడం మంచిది కాదు. ‘బ్లీచ్’ విషయంలో ప్రధానంగా గుర్తుపెట్టుకోవలసిన అచ్చులు ఇవి.

అమెరికాలో సబ్ పాప్ వేసిన మొదటి వెయ్యి తెల్ల ప్రతుల తరువాత, మరో రెండు వేల ప్రతులకు ఒక పోస్టరును జత చేశారు. ఆ తరువాత సాదా నల్ల ప్రతులు వచ్చాయి. 1991 సెప్టెంబరులో ఆ బృందానికి ప్రపంచప్రసిద్ధి తెచ్చిన రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ విడుదలయ్యే నాటికి ‘బ్లీచ్’ క్యాసెట్లు, సీడీలతో కలిపి దాదాపు 40 వేల ప్రతులు అమ్ముడైందన్నది సాధారణంగా చెప్పే లెక్క. అంటే, బృందం ప్రపంచప్రసిద్ధి పొందకముందే అచ్చయినా, పోస్టరూ తెల్లరంగూ లేని కారణంగా తక్కువ ధరకు దొరికే తొలినాటి నల్ల ఎల్పీలు చెప్పుకోదగిన సంఖ్యలోనే ఉన్నాయి. నా దృష్టిలో ఈ ఆల్బమ్ సేకరణలో ధరకు తగ్గ విలువ ఉన్నది వీటిలోనే. వేలంపాటల్లో వీటి పేరు పెద్దగా వినిపించకపోవడం కొనేవారికి మేలే.

ఇంగ్లండులో ఈ ఆల్బమ్‌ను 1989లోనే టుపెలో అనే సంస్థ విడుదల చేసింది. సంగీతం రీత్యా కూడా తేడా ఉన్న అచ్చు ఇది. అమెరికా ఎల్పీలో మొదటివైపు అయిదో పాట ‘లవ్ బజ్’. ఇంగ్లండు ఎల్పీలో ఆ చోటే ‘బిగ్ చీజ్’ ఉంటుంది. కాబట్టి అమెరికా ప్రతి ఒకటి, ఇంగ్లండు ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోవడానికి రంగుతో సంబంధంలేని సరైన కారణం ఒకటి దొరుకుతుంది. టుపెలో సంస్థ కూడా కొన్ని ప్రతులను తెల్లగా, కొన్నింటిని ఆకుపచ్చగా వేసింది. సేకరణకర్తల లెక్కలో ఇంగ్లండు తెల్ల ప్రతులు 300 మాత్రమే. అంటే అమెరికా తెల్ల ప్రతుల కన్నా ఇవి తక్కువ. అయినా పేరు మాత్రం సియాటిల్ ప్రతికే ఎక్కువగా ఉంది.

ఆస్ట్రేలియాలో సిడ్నీకి చెందిన వాటర్‌ఫ్రంట్ సంస్థ ఇదే ఆల్బమ్‌ను రికార్డు రంగు, కవరు రంగు మార్చి మార్చి పలుమార్లు అచ్చు వేసింది. ఈ వాటర్‌ఫ్రంట్ రకాలన్నింటినీ పూర్తిచేయాలన్న పంతం ఒక్కటే ఒక జీవితకాలపు సేకరణ కాగలదు. మొదటి ఏడాదిలో దాని జోలికి వెళ్లవద్దని నా సలహా. 1992లో జెఫెన్ సంస్థ అమెరికా వెలుపల మళ్లీ విడుదల చేసిన ప్రతులు కూడా ఉన్నాయి.

చివరిగా, 2009 నవంబరులో ఇరవయ్యేళ్ల సందర్భంగా సబ్ పాప్ విడుదల చేసిన రెండు డిస్కుల ప్రత్యేక ముద్రణ. మొదట రికార్డు చేసిన జాక్ ఎండినో పర్యవేక్షణలో, న్యూయార్క్‌లోని స్టెర్లింగ్ సౌండ్ స్టూడియోలో దీనికి కొత్తగా మాస్టరింగు (అచ్చుకు ముందు చేసే చివరి ధ్వని సవరణ) చేశారు. 1990 ఫిబ్రవరి 9న పోర్ట్‌లండ్‌లోని పైన్ స్ట్రీట్ థియేటర్‌లో జరిగిన కచేరీ కూడా ఇందులో చేరింది. దీని మొదటి విడత ఎల్పీలను కూడా, పాత జ్ఞాపకానికి గుర్తుగా, తెల్లని వినైల్ మీదనే వేశారు. తికమక అంతా ఇక్కడే పుట్టింది.

కొనుగోలు క్రమం గురించి అడిగితే నేను ఇలా చెబుతాను: వినడానికి 2009 ముద్రణ, కాలానికి సాక్ష్యంగా తొలినాటి అమెరికా నల్ల ప్రతి, పాటల తేడా కోసం టుపెలో నల్ల ప్రతి. ఈ మూడూ చేరిన తరువాత కూడా తెల్ల ప్రతి మీద మనసుంటే, అప్పటికి దాన్ని పరీక్షించే చూపు మీకు వచ్చే ఉంటుంది.

తరువాత, గాడులు ముగిసినచోట చదవడం నేర్చుకోండి

చివరి పాట ముగిసిన చోటుకీ మధ్యలోని కాగితపు లేబుల్‌కీ నడుమ నున్నగా ఉండే పట్టీని రనౌట్ అంటారు. అందులో చేతితో గీకిన లేదా అచ్చుగుద్దిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. రికార్డు తయారయ్యే పద్ధతి తెలిస్తే ఇవి ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. ముందుగా లాకర్ అనే మెత్తని పూత పూసిన పళ్లెం మీద పాటను గాడులుగా కోస్తారు. ఆ పళ్లెం మీదే ఇంజనీరు గుర్తులు చెక్కుతాడు. దాని మీద లోహపు పూత పెంచి ఊడదీస్తే గాడులు పొడుచుకు వచ్చిన ఒక లోహపు అచ్చు వస్తుంది. దాని నుంచి మరొకటి, ఆ మరొకదాని నుంచి స్టాంపర్లు తయారవుతాయి. వేడి వినైల్ ముద్దను రెండు స్టాంపర్ల మధ్య పెట్టి అదిమితే రికార్డు తయారవుతుంది. ఒక స్టాంపరు వెయ్యి, రెండు వేల ప్రతుల లోపే అరిగిపోతుంది కాబట్టి కొత్తది తీస్తారు. కానీ మొదట లాకర్ పళ్లెం మీద చెక్కిన గుర్తులు అన్ని తరాలకూ దిగుతాయి. కొత్తగా లాకర్ పళ్లెం కోస్తే మాత్రం గుర్తులు, వాటి చేతిరాత మారతాయి.

దీని నుంచి రెండు ముక్కలు గట్టిగా పట్టుకోవాలి. ఒకటి: రనౌట్ గుర్తులు తొలి అచ్చుతో సరిపోలకపోతే, కవరు ఎంత పాతగా ఉన్నా, అమ్మేవారు ఎంత నమ్మకంగా చెప్పినా, అది తొలి అచ్చు కాదు. రెండు: గుర్తులు సరిపోలినంత మాత్రాన అది తొలి అచ్చేనని రుజువు కాదు, ఒకే లోహపు అచ్చుల నుంచి తెల్ల ప్రతులు, ఆ తరువాతి నల్ల ప్రతులు కూడా తీసి ఉండవచ్చు. రనౌట్ తోసిపుచ్చగలదు కానీ, ఒంటరిగా నిరూపించలేదు. నిరూపణకు రనౌట్, లేబుల్, కవరు, లోపలి పత్రాలు అన్నీ ఒకే కథ చెప్పాలి.

పోల్చుకోవడానికి డిస్కాగ్స్ అనే సమాచార నిధిని వాడండి. సేకరణకర్తలే ఒక్కో అచ్చుకూ విడివిడిగా పేజీ తెరిచి, రనౌట్ రాతలను, లేబుళ్ల ఫొటోలను చేర్చిన స్థలం అది. అక్కడ ‘బ్లీచ్’ కింద ఉన్న అచ్చుల జాబితాను దేశం, సంవత్సరం వారీగా వడకట్టి, మీకు కావలసిన పేజీలో ఫొటోలు ఉన్నాయో లేదో చూడండి. రాతను టైపు చేసి పెట్టిన వరుసను మాత్రమే నమ్మవద్దు. అందులో పొరపాట్లు దొర్లుతుంటాయి. చేతిరాత వంపు, అక్షరాల మధ్య ఎడం, గుర్తు ఎక్కడ మొదలవుతుందన్నది ఫొటోలోనే తెలుస్తుంది.

మీ చేతిలో ఉన్న రికార్డు రనౌట్‌ను చదవడానికి గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చిని దాదాపు అడ్డంగా, రికార్డు అంచు వైపు నుంచి పడేలా పట్టుకుని, రికార్డును మెల్లగా తిప్పండి. తిన్నగా పైనుంచి వెలుగు వేస్తే తెల్ల వినైల్ మీద ఏమీ కనిపించదు.

తెల్ల ప్రతిని పరీక్షించడం

అమ్మకానికి పెట్టిన తెల్ల ‘బ్లీచ్’ ఎదురైనప్పుడు మొదటి ప్రశ్న, డిస్కు ఒకటా, రెండా అన్నది. 2009 ముద్రణ రెండు డిస్కులది. దానితో 16 పేజీల పుస్తకం వస్తుంది. నంబరు ఎస్పీ 834. అందులోని స్టూడియో డిస్కును ఒక్కదాన్నే తీసి, వేరే కవరులో పెట్టి, పాతదిగా అమ్మజూపడం కష్టమైన పని కాదు. కానీ 2009 డిస్కు 180 గ్రాముల బరువున్న మందపాటి వినైల్. 1980ల చివర్లో అచ్చయిన మామూలు ఎల్పీలు దానికన్నా స్పష్టంగా తేలిక. వంటింట్లో వాడే డిజిటల్ తూకం మీద రికార్డును పెట్టి ఫొటో తీసి పంపమని అడగండి. నిజాయితీ గల అమ్మకందారుకు అది రెండు నిమిషాల పని. అడిగినందుకు విసుక్కునేవారితో వేయి డాలర్లకు పైబడిన బేరం కుదుర్చుకోవలసిన అవసరం మీకు లేదు.

రెండోది లేబుల్. ముద్రణ పదును, అక్షరాల పరిమాణం, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అరుగుదల చూడండి. నిజంగా వాడిన రికార్డుకు రంధ్రం చుట్టూ సన్నని గీతలు ఉంటాయి, ఎందుకంటే టర్న్‌టేబుల్ ఇరుసును చూడకుండా తడుముతూ పెట్టే అలవాటు అందరికీ ఉంటుంది. ముప్పయ్యేళ్లు దాటిన రికార్డు అని చెబుతూ, లేబుల్ మాత్రం నిన్న అతికించినట్టు ఉంటే అనుమానించాలి. అయితే ఎన్నడూ వాడకుండా దాచినవి కూడా ఉంటాయి కనుక దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు ఇవ్వకండి.

మూడోది కవరు. దీని ముఖచిత్రం ట్రేసీ మరాండర్ తీసిన కచేరీ ఫొటో. దాన్ని నెగెటివ్‌గా తిప్పి, నలుపు తెలుపులు తారుమారు చేసి ముద్రించారు. మామూలు ఫొటోను స్కాన్ చేసి నకలు వేస్తే మధ్యస్థాయి ఛాయలు చెడిపోయి పట్టుబడుతుంది. ఈ కవరులో అసలే ఛాయలు మొరటుగా ఉన్నందువల్ల నకలు తేలిగ్గా పట్టుబడదు. కాబట్టి ముఖచిత్రాన్ని వదిలేసి, వెనక అట్టలోని చిన్న అక్షరాలను దగ్గరగా ఫొటో తీయించుకోండి. స్కాన్ నుంచి పుట్టిన అక్షరాల అంచులు ఉబ్బి, చుక్కలుగా విరిగి కనిపిస్తాయి. సంస్థ చిరునామా, బార్‌కోడ్ వంటి చిన్న వివరాలను కూడా ఆ అచ్చుకు చెందిన పేజీలోని ఫొటోతో అక్షరం అక్షరం పోల్చండి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. కవరు మీద జేసన్ ఎవర్‌మన్ పేరు గిటారిస్టుగా ఉంటుంది, ఫొటోలో కూడా ఆయన ఉన్నారు. కానీ ఆయన ఈ ఆల్బమ్‌లో వాయించలేదు. 1988 డిసెంబరు, 1989 జనవరి నెలల్లో సియాటిల్‌లోని రెసిప్రొకల్ రికార్డింగ్ స్టూడియోలో జరిగిన పనికి అయిన 606.17 డాలర్ల బిల్లును ఆయన కట్టారు. అందువల్ల ఎవర్‌మన్ పేరు కనిపించడాన్ని ‘అచ్చు పొరపాటు ఉన్న అరుదైన ప్రతి’గా వర్ణించి ఎక్కువ ధర అడిగేవారు ఎదురైతే నవ్వి ఊరుకోండి.

ఒక్క డిస్కుతో, ఎస్పీ 34 నంబరుతోనే సబ్ పాప్ తరువాతి సంవత్సరాల్లో కూడా ఎల్పీలను వేస్తూ వచ్చిందన్న సంగతి మరువకండి. నంబరు సరిపోయింది కదా అని 1989 ప్రతి అనుకోవడానికి వీల్లేదు.

పోస్టరు ఉన్న రెండు వేల ప్రతుల విషయంలో ఎక్కువగా జరిగేది మోసం కన్నా కలగలుపు. పోస్టరు ఒకచోట, తరువాతి నల్ల ప్రతి మరొకచోట కొని, రెండింటినీ కలిపి ఒకే ప్రతిగా అమ్ముతుంటారు. పోస్టరు రెండు వైపులా ఫొటోలు తెప్పించుకుని, కాగితం వన్నె కవరు లోపలి కాగితం వన్నెతో పొంతన కుదురుతోందా, మడతల వద్ద సిరా సహజంగా రాలిందా అన్నది చూడండి. రెండూ విడిగా చేరినవే అయినా, అమ్మేవారు ఆ మాట ముందుగా చెప్పి, ధర తగ్గిస్తే కొనడంలో తప్పేమీ లేదు.

ఈ దారిలో నడిచేవారికి ఆల్బమ్ కన్నా ముందు, 1988 నవంబరులో వచ్చిన ‘లవ్ బజ్’ ఏడంగుళాల సింగిల్ కూడా ఎదురవుతుంది. ఎస్పీ 23 నంబరుతో వెయ్యి ప్రతులను చేతితో అంకె వేసి అమ్మారు. దాని రనౌట్‌లో ‘ఆ గిటార్లు ఇచ్చేసి పారలు తెచ్చుకోరాదా’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చెక్కి ఉంటుంది. దీనికి నకళ్లు విస్తారంగా తిరుగుతున్నాయి. ‘బ్లీచ్’ అచ్చుల మీద పట్టు వచ్చేదాకా దీన్ని చూసి ఆనందించడం వరకే పరిమితం కండి.

స్థితి, ధర

పాత రికార్డుల స్థితిని చెప్పడానికి ప్రపంచమంతటా గోల్డ్‌మైన్ కొలమానాన్ని వాడతారు. మింట్ (కొత్తదానిలా ఉన్నది), నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ (వెరీ గుడ్), జీ (గుడ్) అన్న వరుసలో నాణ్యత దిగుతూ వస్తుంది. రికార్డుకు ఒకటి, కవరుకు ఒకటి విడిగా ఇవ్వడం ఆనవాయితీ. ఈ గుర్తులు అమ్మేవారి అభిప్రాయమేనని, చాలామంది ఒక మెట్టు ఎక్కువే వేస్తారని అనుకుని బేరం మొదలుపెడితే నిరాశ తక్కువ. వర్ణనలో చూసి వేసిన గుర్తా, వాయించి విని వేసిన గుర్తా అన్నది తప్పక అడగండి. తెల్ల వినైల్ మీద సన్నని గీతలు ఫొటోలో దాదాపు కనిపించవు కనుక, రంగు రికార్డులకు చూసి వేసిన గుర్తు మీద నాకు నమ్మకం తక్కువ.

వాయించి వినిపించమని అడిగేటప్పుడు ఏ పాటను అడగాలో తెలిసి అడగండి. ‘బ్లీచ్’ చాలావరకు హోరుగా సాగే సంగీతం. ఆ గిటార్ల ధ్వనిలో చిటపటలు కలిసిపోతాయి. అమ్మేవారు అలాంటి పాటనే వినిపిస్తే మీకు ఏమీ తెలియదు. మొదటివైపు మూడో పాట ‘అబౌట్ ఎ గర్ల్’ ఆరంభంలో ధ్వని పలుచగా ఉంటుంది. గీతలు ఉంటే అక్కడ బయటపడతాయి. అలాగే రికార్డు అరుగుదల లేబుల్‌కు దగ్గరగా ఉన్న గాడుల్లో ముందుగా తెలుస్తుంది కాబట్టి, మొదటివైపు చివరిదైన ‘పేపర్ కట్స్’, రెండోవైపు చివరిదైన ‘సిఫ్టింగ్’ నుంచి ఒక్కో అర నిమిషం రికార్డు చేసి పంపమనండి. ఈ మూడు ముక్కలు విన్నాక కూడా బాగుందనిపిస్తే, గుర్తు వీజీ ప్లస్ అయినా నిశ్చింతగా తీసుకోవచ్చు. ఈ ఆల్బమ్‌కు నియర్ మింట్ కోసం రెట్టింపు పెట్టడం వినేవారికి అనవసరం. పెట్టుబడి దృష్టితో కొనేవారి లెక్క వేరు.

ధర తేల్చుకోవడానికి ఎవరో అడుగుతున్న మొత్తాలను చూడకండి. అడిగే ధరకు హద్దు ఉండదు. డిస్కాగ్స్‌లో ఒక్కో అచ్చు పేజీలో ఇంతవరకు జరిగిన అమ్మకాల్లో అతి తక్కువ, మధ్యస్థ, అతి ఎక్కువ ధరలు ఉంటాయి. మధ్యస్థ ధరను ఆధారం చేసుకుని, అతి ఎక్కువ ధర ఎప్పుడు, ఏ స్థితిలో ఉన్న ప్రతికి పలికిందో చూడండి. వేలం ఫలితాలను భద్రపరిచే పాప్‌సైక్ అనే చోట పాత వేలంపాటల ఫొటోలు కూడా దొరుకుతాయి; ఒకే ప్రతి చేతులు మారుతూ మళ్లీ అమ్మకానికి రావడం కూడా అక్కడ గమనించవచ్చు.

ఇంటికి చేర్చుకోవడం

హైదరాబాదులో ఆదివారంనాడు అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య హెచ్‌ఎంవీ ఎల్పీలు, తెలుగు సినిమా రికార్డులు ఎప్పుడైనా కంటపడవచ్చు గానీ, 1989 నాటి సబ్ పాప్ రికార్డు కోసం అక్కడ వెతకడం దండుగ. అమెరికాలోని ఆ మూలకు పరిమితమై పుట్టిన సరుకు ఇది. కొత్త ముద్రణలు కావాలంటే ముంబయిలోని రివాల్వర్ క్లబ్ వంటి వినైల్ దుకాణాల ద్వారా తెప్పించుకోవచ్చు. పాతవాటికి మాత్రం విదేశీ అమ్మకందారులే గతి.

తెలుగువారికి ఇక్కడ ఒక సహజమైన వెసులుబాటు ఉంది. సియాటిల్ పక్కనే ఉన్న రెడ్‌మండ్, బెల్‌వ్యూ ప్రాంతాల్లో మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉద్యోగాలు చేస్తున్నారు. పిన్నిగారి అబ్బాయో, బావగారో అక్కడ ఉంటే, కొనుగోలును వారి చిరునామాకు తెప్పించి, వారు సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురమ్మనవచ్చు. కొత్త ముద్రణ అయితే ఇంకా సులువు: సియాటిల్–టకోమా విమానాశ్రయంలోనే సబ్ పాప్ 2014లో సొంత దుకాణం తెరిచింది. విమానం ఎక్కే ముందు అక్కడ అడిగి చూడమని చెప్పండి. వెస్ట్ సియాటిల్‌లోని ఈజీ స్ట్రీట్ రికార్డ్స్, బలార్డ్‌లోని సోనిక్ బూమ్ రికార్డ్స్ పాత, కొత్త ఎల్పీలు రెండూ అమ్మే పేరున్న దుకాణాలు.

తెచ్చేవారికి ముందే స్పష్టంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఎల్పీ కవరు వెడల్పు, ఎత్తు దాదాపు 31.5 సెంటీమీటర్లు, చాలా లాప్‌టాప్ సంచుల్లో పట్టదు. దాన్ని వంచి దూర్చకూడదు. రెండువైపులా గట్టి అట్టముక్కలు పెట్టి చేతిసామానులో తేవాలి. చెక్‌ఇన్ పెట్టెలో వేయక తప్పకపోతే బట్టల మధ్యన, పెట్టె నడుమ భాగంలో ఉండాలి. ఆవకాయ సీసాలు ప్రయాణించేది మన ఊరి నుంచి అటువైపుకే కనుక తిరుగుప్రయాణంలో ఆ భయం లేదు. ఖరీదైన ప్రతి అయితే కొన్న రసీదు వెంట ఉంచుకోమనండి, కస్టమ్స్ పరిమితులు ప్రయాణికుల సామానుకు కూడా వర్తిస్తాయి.

నేరుగా పార్సిలు తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, వాటిని కట్టినందుకు కొరియర్ సంస్థ వేసే రుసుము రికార్డు ధరకు అదనంగా వస్తాయి. ఆర్డరు పెట్టే రోజున అమలులో ఉన్న రేటును ఆ కొరియర్ సంస్థనే అడిగి తెలుసుకుని, మొత్తం కలిపితే మీ ఊళ్లో పడే ధర ఎంతో లెక్కవేసుకున్నాకే అమ్మేవారికి సరే అనండి. పార్సిలు మీద ధర తక్కువ రాయమని కోరకండి. అది చట్టవిరుద్ధం, పైగా దారిలో రికార్డు విరిగితే ఆ తక్కువ ధరకే పరిహారం వస్తుంది. రికార్డును కవరులోంచి బయటికి తీసి, దాని లోపలి కాగితపు సంచితోనే కవరు వెనక పెట్టి పంపమని తప్పక రాయండి. లేకపోతే దారిలో కుదుపులకు రికార్డు అంచు కత్తిలా కవరు అతుకును చీలుస్తుంది. తొలి అచ్చు కవరుకు అలా చీలిక పడితే విలువలో పెద్ద కోత పడుతుంది.

అదే బంధువు చేత టర్న్‌టేబుల్ కూడా తెప్పించుకోవాలన్న ఆలోచన వస్తే ఒకసారి ఆగండి. అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజి తగ్గించినా హెర్ట్జ్ మారదు కాబట్టి, ఏసీ మోటారుతో తిరిగే పాత రకం యంత్రాలు నిమిషానికి 33⅓ చుట్లకు బదులు దాదాపు 28 చుట్లే తిరిగి పాటను సాగదీస్తాయి. డీసీ అడాప్టరుతో నడిచే యంత్రాలకు ఈ ఇబ్బంది లేదు.

మన ఎండలో, మన తేమలో కాపాడుకోవడం

రికార్డు చేతికి వచ్చిన రోజునే వాయించాలన్న ఆత్రం సహజం. కానీ ముందుగా అది గది వేడిమికి సర్దుకునేదాకా ఉంచి, తరువాత శుభ్రం చేయండి. పొడి దుమ్మును కార్బన్ ఫైబర్ బ్రష్‌తో తీయండి. పాత ప్రతి అయితే డిస్టిల్డ్ వాటరుతో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో, గాడుల దిశలోనే గుండ్రంగా తుడిచి, మరో పొడి గుడ్డతో తడి లాగేయండి. లేబుల్ మీద చుక్క కూడా పడనివ్వకండి. కుళాయి నీళ్లు వాడితే అందులోని లవణాలు గాడుల్లో పేరుకుంటాయి. బ్యాటరీలో పోసే నీళ్ల పేరుతో అమ్మేవన్నీ ఒకే శుద్ధత ఉన్నవి కావు, సీసా మీద చదివి తీసుకోండి. స్పిరిట్ కలిపిన ద్రావణాన్ని వినైల్ మీద కొంచెంగా వాడేవారు ఉన్నారు. ఇంట్లో తాతగారి నాటి 78 చుట్ల లక్క రికార్డులు కూడా ఉంటే అదే ద్రావణాన్ని పొరపాటున కూడా వాటికి పూయవద్దు, లక్క స్పిరిటులో కరుగుతుంది.

నిలవ చేయడంలో మన ప్రాంతానికి రెండు శత్రువులు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఎండలో నిలిపిన కారులో రికార్డును మధ్యాహ్నమంతా వదిలేస్తే వంకర తిరుగుతుంది, ఆ వంకరను ఇంట్లో సరిచేసే నమ్మకమైన మార్గం లేదు. ఇంట్లో కూడా డాబా వేడి దిగే పై అంతస్తు అటక, పడమటి గోడకు ఆనించిన బీరువా పనికిరావు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఎండ కన్నా తేమ ఎక్కువ హాని చేస్తుంది; కవరు అట్టకు బూజు పడుతుంది, లేబుల్ మీద మచ్చలు వస్తాయి. అలమరలో సిలికా జెల్ సంచులు పెట్టి, వానాకాలంలో నెలకొకసారి తెరిచి గాలి తగలనివ్వండి.

రికార్డులను ఎప్పుడూ నిటారుగా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది కవరు మీద డిస్కు ఆకారం గుండ్రంగా అచ్చుపడుతుంది. ‘బ్లీచ్’ నల్లని కవరు మీద ఆ అరుగుదల వలయం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అమ్మేవారు పంపే ఫొటోల్లో కూడా దీనికోసం చూడండి. పాత కాగితపు లోపలి సంచి అసలుదైతే దాన్ని పారేయకుండా కవరు వెనక దాచి, రికార్డును పాలిథీన్ లైనింగు ఉన్న కొత్త సంచిలో పెట్టండి. బయటి తొడుగు పాలీప్రొపిలీన్‌ది కావాలి. స్టేషనరీ దుకాణాల్లో దొరికే మెత్తని పీవీసీ తొడుగులు వేడికి చెమటపట్టినట్టై, అందులోని రసాయనం రికార్డు మీదకు దిగి పొగమంచు వంటి మచ్చ వేస్తుంది. రంగు రికార్డుల మీద అది వదలదు.

వాయించే యంత్రం గురించి ఒక్క మాట. సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లలో ముల్లు బరువు సర్దే వీలుండదు, చాలావాటిలో అది మామూలు కార్ట్రిడ్జి (ముల్లును పట్టి ఉంచే భాగం) కోరే రెండు గ్రాముల చుట్టుపక్కల కన్నా బాగా ఎక్కువ. 2009 ప్రతిని దాని మీద పెడితే మీ ఇష్టం, 1989 ప్రతిని మాత్రం పెట్టకండి.

ఇక ప్రతి కొనుగోలుకూ ఒక పేజీ తెరవండి: అచ్చు పేరు, రెండువైపుల రనౌట్ రాత అక్షరం పొల్లుపోకుండా, బరువు, స్థితి, కొన్న తేదీ, అన్ని ఖర్చులూ కలిపి పడిన ధర. అమ్మేవారు పంపిన ఫొటోలను, మీరు వాయించే ముందు తీసిన ఫొటోలను, రసీదును దానితోపాటే భద్రపరచండి. ఎప్పుడైనా మీరు ఆ ప్రతిని మరొకరికి అమ్మదలిస్తే, వారు మిమ్మల్ని మొదట అడిగేవి ఈ కాగితాలే.